పార్కులో చూసిన తువ్వాల

సిరిసిల్ల,
19-7-1988, మంగళవారం.

సౌభాగ్యవతి రాజవ్వకు ఐలయ్య దీవించి రాయునది.

నాలుగు రోజులుగా ముసురు. పడుగు నూలుకు పట్టించిన గంజి ఆరడం లేదు. పొద్దున రెండు గజాలు నేసి మగ్గం దిగాను. నేను క్షేమం. మిగతా సంగతులు కింద రాస్తున్నాను. పోస్టులో వేయకుండా మీ ఊరికి వస్తున్న బుచ్చన్న చేతికి ఇస్తున్నాను. నీ చెల్లెలు సారక్కతో చదివించుకో. ఇంకెవరూ వినవద్దు.

మీ అమ్మకు దగ్గు తగ్గిందని రాయించావు, మంచిది. వంటింటి మీద పెంకులు సర్దాను, ఇప్పుడు ఇల్లు కురవడం లేదు.

పార్కు ఎట్లుందని అడిగావు. మన వాడ పాత పార్కును బాగుచేశామని మొన్న కాక అంతకుముందు ఆదివారం తెరిచారు. మగ్గాలు ఆపి అందరూ రావాలని ఇంటింటికీ చెప్పించారు. ముప్పై ఏళ్ళు మనం పడుగులు చాపి గంజి పెట్టుకున్న జాగా చుట్టూ ఇనుప కంచె వేశారు. వేపచెట్లు రెండూ కొట్టేశారు. గేటు పక్కన బోర్డు పెట్టి, పడుగులు చాపరాదు అని అన్నిటికంటే పైన రాశారు. లోపల సిమెంటు బెంచీలు, కట్టించినవాళ్ళ పేర్లు నెత్తి మీద రాసిన సిమెంటు జింక. పక్కింటి లచ్చయ్య నాతోనే వచ్చాడు.

"గీ జింకకు గడ్డెవలు పెడ్తరు ఐలయ్య బావా?"

"నెత్తి మీద పేరు రాసుకున్నోళ్ళే పెడ్తరు. నువ్వైతే పెట్టకు."

ఆ ఒక్కసారే నవ్వాము.

మరునాడు పొద్దున పోలీసులు వచ్చి మన ఆనందాన్ని మగ్గం మీదినుంచి లేపుకుపోయారు. ఇంతవరకు నీకు తెలుసు. గురువారం వదిలారు. రెండు అరచేతులూ వాచి ఉన్నాయి. అడవికి పోయి అన్నలలో కలిసిన లక్ష్మీరాజం వాడి దోస్తు కదా. పోయేనాడు వాడికి మనవాడు తాను నేసిన తువ్వాల ఒకటి ఇచ్చాడట. రుద్రంగి దిక్కు కాల్పులు జరిగితే లక్ష్మీరాజం సంచి వదిలి పారిపోయాడు. ఆ సంచిలో తువ్వాల పోలీసులకు దొరికింది.

"తువ్వాల ఇచ్చుడు గూడ నేరమా బాపు?" అని అడిగాడు.

వదిలినా ఊరికే వదల్లేదు. రోజూ నాలుగింటికి పార్కులో బెంచీ మీద కూర్చోవాలట. లక్ష్మీరాజం మనుషులెవరైనా కనిపిస్తే లేచి నిలబడాలట. వాడు మూడు రోజులు కూర్చున్నాడు. ఒక్కసారీ లేవలేదు. వానకు తడిసినా లేవలేదు. అయినా శనివారం నుంచి వాడలో ఎవరూ వాడితో మాట్లాడడం లేదు. అన్నలు ఇన్ఫార్మర్లను ఏం చేస్తారో నీకు నేను రాయనక్కరలేదు. కూర్చోకపోతే వీళ్ళు, కూర్చుంటే వాళ్ళు. ఇందుకు బాగుచేశారు పార్కును.

ఇప్పుడు నీ చివరి ప్రశ్న. మన ఇంటి గుట్టు పోలీసులకు ఎవరు చెప్పారని అడిగావు. లచ్చయ్యే చెప్పి ఉంటాడని, వాడి నోట్లో మన్ను పడాలని రాయించావు.

లచ్చయ్య కాదు. నేను.

ఆ ఆదివారం పార్కులో ఒకడు తువ్వాల భుజాన వేసుకుని మనవాళ్ళ మధ్య ఊరికే తిరుగుతున్నాడు. సాలోళ్ళకు గుడ్డ కనపడితే చెయ్యి ఆగదు. నేను కొస పట్టుకుని చూశాను.

"ఏంది పెద్దమనిషీ, మంచిగున్నదా?" అన్నాడు.

"మంచిగ లేకేం తమ్మీ. గింత సాపు నేత సిరిసిల్లల నలుగురికి రాదు."

"ఎవలు నేసిండ్రో గూడ తెలుస్తదా?"

"తెల్వకేం. మా పోరడు నేసిందే గిది. గీ ఎడమ అంచు చూడు, జర లోపటికి గుంజింది. చిన్నప్పటి సంది చెప్తున్న, పోలే."

లచ్చయ్య నా మోచేయి గిల్లాడు. నేను విదిలించుకున్నాను. ఆ మనిషి మనవాడి పేరడిగితే చెప్పాను. ఇల్లు ఎక్కడంటే అదీ చెప్పాను. వాడు ఆ తువ్వాలను ఎక్కడ కొన్నాడని అడగాలని నాకు తోచలేదు. ఆనందం నేసిన తువ్వాలలు నాలుగే, ఒక్కటీ అమ్మలేదని నాకు తెలుసు. అయినా తోచలేదు. గేటు దగ్గర వాడు పోలీసు జీపు ఎక్కుతుంటే చూశాను. ఇంటికి వచ్చి ఆనందానికి ఆ మాట చెప్పి ఉంటే ఆ పూటే ఎటైనా పోయేవాడు. చెప్పలేదు. అందుకు నా మీద నాకున్న కోపం ఎవరిమీదా లేదు.

లచ్చయ్య ఇంటివాళ్ళతో నువ్వు మాట్లాడాలి. వాడిని నువ్వన్న మాటలు బుచ్చన్న నోట ఇక్కడికి చేరాయి. అయినా లచ్చయ్య నా పేరు ఎవరికీ చెప్పలేదు.

నిన్న పొద్దున ఆనందం ముందు కూర్చుని అంతా చెప్పాను. కొట్టినా బాగుండు.

"నా నేత మంచిగున్నదని గా మాట నాకు చెప్తే అయిపోవు గద బాపు," అన్నాడు.

ఎటు పోతున్నదీ చెప్పలేదు, నేను అడగలేదు. నిన్న, సోమవారం, పది గంటల బస్సుకు ఆనందం వెళ్ళిపోయాడు.

ఇట్లు,
ఆనందం తండ్రి.