తగ్గిన బరువు నాది

అమ్మాయ్, లేవగానే ఏమీ తినకముందు ఒకసారి బరువు చూసుకో. కాటా ఎక్కే ముందు ఫోన్లో నీ పేరు నొక్కడం మరిచిపోకు. ఆ అంకె నర్సమ్మకి పంపేసి, పొయ్యి పక్కన మూతపెట్టిన గుడ్లు రెండూ తినేయ్.

రెండు కిలోలు తగ్గిపోయానని ఫోన్లో చూసి, లోపల బిడ్డ పెరగడం లేదేమోనని రాత్రి ఏడ్చావు చూడు, ఆ తగ్గిన బరువు నీది కాదు. నిన్న నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు ఊరికే చూద్దామని నేను దాని మీద నిలబడ్డాను. ఇందాక మావాడు డ్యూటీ నుంచి ఫోన్ చేస్తే ఈ సంగతి చెప్పాను. పగలబడి నవ్వాడు. ఫోన్‌తో కలిపిన ఆ కాటాకి మీరిద్దరే తెలుసట. నా బరువు నీ బరువుకి దగ్గరగా ఉందని నన్ను నువ్వే అనుకుందట. ఈ వయసులో నన్ను అయిదో నెల గర్భిణిని చేసింది. ఇంకో గ్లాసు పాలు తాగమని రాత్రి ఆ ఫోన్ నిన్ను సతాయించింది కూడా నా వల్లే.

లేపి చెబుదామనుకున్నాను గానీ ఇప్పుడే హాయిగా నిద్రపట్టినట్టుంది, మనసొప్పలేదు. కుట్టు దుకాణం తాళాలు నా దగ్గరే ఉన్నాయి, వెళ్ళక తప్పదు.

అయినా ఇంట్లో ముగ్గురం ఉంటే ఇద్దరి పేర్లే ఎక్కించడమేమిటి? సాయంత్రం నన్నూ చేర్చు.

చెప్పడం మరిచాను. చేర్చేటప్పుడు నేను నీకేమవుతానో ఫోన్ అడుగుతుందట. అత్త అన్న మాట అందులో లేదని మావాడన్నాడు. అమ్మ ఉందట, ఇతరులు ఉందట. ఏది నొక్కుతావో నీ ఇష్టం. ఇతరులు మాత్రం నొక్కకు.