పెళ్లికారు టైర్లు

బందరు, 2006

విజయానంద్‌కి, వదిన రాస్తున్నది.

ఆ రోజు మీ అన్నయ్య కారు జారింది నువ్వు వేయించిన చవక టైర్ల వల్లా, కోడూరు రోడ్డుమీద మనమే ఆరబోయించిన ధాన్యం వల్లా? ఇన్నేళ్లూ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. "అంత స్పీడు కారుకి ఈ టైర్లేంట్రా?" అని ఆయన నవ్వితే, "మన గతుకుల్లో ఇవి చాలన్నయ్యా, ఎగురుతావా ఏంటి?" అన్నావు. ఆయన పోయాక నువ్వు మా గుమ్మం తొక్కలేదు.

వచ్చే నెల మా అమ్మాయి జెస్సీ పెళ్లి. ఆ కారులోనే, అదీ బాబాయి నడిపితేనే చర్చికి వస్తానంటోంది. కారు బాగుచేయించి, నువ్వు మార్చకముందు ఉన్న రకం టైర్లే మళ్లీ వేయించాను.

తప్పకుండా రా. ఆ టైర్లు చూసి నిన్ను తప్పుపట్టాననుకోకు. పట్టానో లేదో నాకే ఇంకా తేలలేదు.