బావ బండికి నా రిపేరు

కట్టంగూరు సమస్త ప్రజలకు తెలియజేయునది ఏమనగా, శైలజక్క తమ్ముడు నాగేందర్ బావ బండి ఇంజను స్వహస్తాలతో విప్పి, అరిగి టకటకలాడుతున్న క్యామ్‌షాఫ్ట్ మార్చెను.

అక్కా, అంతా బిగించి కిక్కు కొడితే మళ్ళీ అదే టకటక. మా ఆవిడ నాగరాణి వచ్చి, "కొత్తది గీడ దేవుని ముంగటనే ఉన్నది గద, నువ్వు బిగించిందేంది మరి?" అంది. కొత్త సామానని దానికి పసుపు పూసి అక్కడ పెట్టిన భక్తురాలు ఆమే. పెట్రోలుతో కడిగిన పాతది తళతళలాడితే నేను దాన్నే ఎక్కించాను.

వచ్చే ఆదివారం బండికి బావ వస్తాడట. నీకు నడుం నొప్పని చెప్పి నాలుగు రోజులు ఆపు. ఫోన్ చేస్తే ఆయనే ఎత్తుతాడు. ఆయనకు చదువు రాదు గనుక కార్డు రాస్తున్నాను. గొర్రె ఈనిందా? పిల్లలకు దీవెనలు.

నాగరాణి పసుపు పూసిందన్నది శుద్ధ కల్పన. పూసింది నేనే.