గ్వెన్ విధవరాలిగా ఉన్న ఏడాది

ఫుట్‌స్క్రే, మెల్‌బోర్న్
మే నెల, సోమవారం

ప్రియమైన గ్వెన్,

నీ అసలు ఇంటిపేరేమిటో నాకు తెలీదు. మా చేపల కొట్టులో పనికి చేరినప్పుడు చెప్పింది నీది కాదని కోర్టులో తెలిసింది. ఆ రోజు నిన్ను తెర వెనక కూర్చోబెట్టారు. గొంతు మాత్రం విన్నాను. జలుబు చేసినట్టుంది నీకు.

ఈ ఉత్తరం టీవీ వాళ్ల చిరునామాకు పంపుతున్నాను. ఆదివారం ఆదివారం వచ్చే ఆ రహస్య పోలీసుల సీరియల్ ఉందిగా, అది చూస్తున్నాను. అందులో పోలీసు పిల్ల మొగుడు పోయినదానిలా నటిస్తూ ఒక దొంగల కొట్టులో పనికి చేరి వాళ్లింట్లోనే ఉంటుంది. నిన్న పొద్దున్నే లేచి రెండు కప్పుల టీ పోసింది. ఒకటి తను తాగింది. రెండోది పెరట్లోకి తీసుకెళ్లి నిమ్మచెట్టు మొదట్లో పోసింది. "మా ఆయనది" అంది. నా చేతిలో బిస్కెట్టు టీలో పడి కరిగిపోయింది. మా కొట్టు వెనక తొట్టిలో నిమ్మచెట్టుకు రోజూ అలా పోసిన మనిషి నువ్వొక్కదానివే.

మా తమ్ముడు కెల్ నా పక్కనే కూర్చుని చూస్తున్నాడు. జైలు నుంచి వచ్చినప్పటి నుంచి నా దగ్గరే ఉంటున్నాడు. "పోలీసుది ఇంత అందంగా ఎక్కడుంటుంది?" అన్నాడు. "నోర్మూసుకుని చూడు" అన్నాను. టీ సంగతి వాడి బుర్రకెక్కలేదు. వంటింట్లో ఆడవాళ్లేం చేస్తారో వాడెప్పుడు చూశాడు గనక! నేను చెప్పలేదు, చెప్పను. భయపడకు.

నిన్ను ఒక్కటి అడగాలి. కాగితం మీద అడగలేను. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను. మోకాళ్లు పోయాయి గానీ బస్సెక్కగలను.

నీ
బెవ్ స్కల్లీ


బల్లారట్
మే నెలాఖరు

బెవ్ స్కల్లీ గారికి,

మీ ఉత్తరాన్ని టీవీ వాళ్లు నాకు పంపారు. గ్వెన్ కిందటి శీతాకాలంలో చనిపోయింది. కాన్సర్. తొందరగానే అయిపోయింది. ఈ మాట ఇలా తెలియజేయవలసి వచ్చినందుకు విచారిస్తున్నాను.

నేను ఆమె భర్తను. చనిపోయాడని ఆమె మీకు చెప్పిన మనిషిని నేనే. అబద్ధం ఎంత తక్కువైతే అంత క్షేమమని ఆ ఉద్యోగంలో నేర్పుతారు. అందుకే ఇంటిపేరే గానీ సొంత పేరు మార్చలేదు. అలవాట్లు మార్చలేదు. భర్త ఉన్నాడంటే ఎవరో ఒకరు చూపించమంటారు కాబట్టి నన్ను చంపారు. మిగతా నేనంతా అలాగే ఉన్నాను.

టీ సంగతి సీరియల్ రాసేవాళ్లకు చెప్పింది నేనే. మీ దగ్గర పని ముగించి ఇంటికి వచ్చాక కొంతకాలం గ్వెన్ రెండు కప్పులు పోసి, నేను బల్ల దగ్గర ఎదురుచూస్తూ ఉండగానే, రెండోది పెరట్లో పోసి వచ్చేది. లోపలికొచ్చి నన్ను చూసి ఉలిక్కిపడేది. అది మా ఇంటి సంగతనుకున్నాను. మీ ఇంటి అలవాటని నాకు తెలియదు. తెలిసి ఉంటే చెప్పేవాణ్ణి కాదు.

ఆమెను అడగాలనుకున్నది నన్ను అడగండి. తెలిస్తే చెబుతాను.

ఇట్లు
నోయెల్ ట్రెంబత్


ఫుట్‌స్క్రే
జూన్ మొదటి వారం

ప్రియమైన నోయెల్ గారూ,

చచ్చినవాడి దగ్గర నుంచి ఉత్తరం రావడం నాకిదే మొదలు. అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి.

మీ ఆత్మశాంతికి మా అమ్మ ఒక శీతాకాలమంతా జపమాల తిప్పింది. నేను కొవ్వొత్తులు వెలిగించాను. ఆ పుణ్యమంతా ఎవరి ఖాతాలో పడిందో మా చర్చి ఫాదర్‌ని అడగాలి. మీకైతే అక్కర్లేకపోయింది కదా.

నవ్వుతున్నానని అనుకోకండి. గ్వెన్ పోయిందని చదివి స్నానాల గదిలోకెళ్లి కుళాయి తిప్పేసి ఏడ్చాను. కెల్ తలుపు బాదాడు. "లోపల ఏం చేస్తున్నావే? నీళ్ల బిల్లు ఎవడు కడతాడు?" "మన తాత కడతాడు పోరా!" అన్నాను. బయటికొచ్చాక నా మొహం చూసి తనే టీ పెట్టాడు. పాలు ఎక్కువ పోశాడు.

అడగమన్నారు మీరు. ఇప్పుడే కాదు. ముందు మీరెలాంటి మనిషో నాకు తెలియాలి. మీ ఇంటి మనిషిని ఒకసారి నమ్మాను. ఏమైందో తెలుసుగా.

బెవ్


బల్లారట్
జూన్

ప్రియమైన బెవ్ గారూ,

మీ జాగ్రత్త సబబే. నేను హైస్కూల్లో భూగోళం చెప్పేవాణ్ణి. రిటైరయ్యాను. మాకు పిల్లలు లేరు. జూన్ చలికి ఇక్కడ పొద్దున గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటోంది. చెప్పుకోవడానికి ఇంతకన్నా పెద్దగా ఏమీ లేదు.

ముందు నేనొకటి అడుగుతాను. ఆ ఏడాదంతా గ్వెన్ మీ కళ్లముందు విధవరాలిగా బతికింది. నాకోసం దుఃఖపడింది. ఎలా దుఃఖపడిందో నాకు చెప్పలేదు. పని సంగతులు ఇంట్లో చెప్పకూడదు. ఇప్పుడు ఆ వంతు నాకు వచ్చింది. నాకు చేతకావడం లేదు. పనులు చేస్తున్నాను, తింటున్నాను, జనం పలకరిస్తే బాగున్నానంటున్నాను. అంతకుమించి ఏమీ జరగడం లేదు. ఆమె పక్క దుప్పటి ఇంకా మడత విప్పలేదు.

ఆమె ఎలా చేసిందో చెప్పగలరా? సీరియల్లో నటి బాగానే ఏడుస్తోంది. గ్వెన్ అలా ఏడ్చే మనిషి కాదు. అందుచేత దానివల్ల నాకు ఉపయోగం లేకపోయింది.

మీ
నోయెల్


బల్లారట్
జూలై

ప్రియమైన బెవ్ గారూ,

మీ నుంచి జవాబు లేదు. అడగకూడనిది అడిగి ఉంటే మన్నించండి.

మొన్నటి ఆదివారం భాగం మీరూ చూసే ఉంటారు. ఆ పోలీసు అమ్మాయి ఎవరో కొట్టు యజమానురాలు కనిపెట్టి, తిన్నగా వెళ్లి తమ్ముడికి చెప్పేసింది. ఆ భాగంతో నాకేమీ సంబంధం లేదు. అలా జరగలేదని వాళ్లకు ఉత్తరం రాశాను. చూసేవాళ్లకు ఉత్కంఠ కావాలని జవాబిచ్చారు.

మీకు కష్టం కలిగి ఉంటుంది. మీ గురించి గ్వెన్ ఎప్పుడూ చెడ్డగా మాట్లాడలేదు. అసలు మాట్లాడనే లేదనుకోండి.

మీ
నోయెల్


ఫుట్‌స్క్రే
జూలై, ఆదివారం

నోయెల్,

ఇక మీరూ గీరూ నావల్ల కాదు. నువ్వు అనే రాస్తాను. నచ్చకపోతే చింపెయ్యి.

ఆ భాగం చూసి టీవీ మీదకి చెప్పు విసిరాను. కెల్ ఎగిరిపడ్డాడు. "దానికెందుకు అంత కోపం నీకు? ఆ కొట్టుది మంచి పనే చేసింది కదా! తమ్ముడనే ప్రేమ ఉంది దానికి" అన్నాడు. ఆ మాట విన్నాక ఇన్నాళ్లూ రాయలేకపోయాను. రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ముందు నీ సంగతి. గ్వెన్ ఎలా దుఃఖపడిందంటావా? ఏడవలేదు. తిట్టింది. కత్తి పట్టుకుని చేపల పొలుసు గీకుతూ నిన్ను తిట్టేది. "చూరు గొట్టంలో ఆకులు తియ్యకుండానే పోయాడు సన్నాసి. వాన పడితే వంటింట్లోకి కారుతోంది. ఇప్పుడు నిచ్చెన ఎవరెక్కుతారు, నేనెక్కాలా?" అనేది. "చనిపోయినవాణ్ణి అలా అనకమ్మా" అని మా అమ్మ గదమాయించేది. "చనిపోయాడు కాబట్టే అంటున్నానండీ, బతికుంటే అననిచ్చేవాడా?" అనేది. అలా తిట్టీ తిట్టీ మధ్యలో గొంతు ఆగిపోయేది. అప్పుడు వచ్చేవి కళ్లలో నీళ్లు. మోచేత్తో తుడుచుకుని "తర్వాత ఎవరండీ?" అనేది కొనేవాళ్లతో. అది నటనో కాదో నువ్వే చెప్పాలి. నువ్వూ తిట్టు. పెద్దమనిషివి కదా, నీకు అలవాటుండదు. అయినా తిట్టు.

ఇప్పుడు నా సంగతి. ఇది ఎవరికీ చెప్పలేదు, ఫాదర్‌కి కూడా.

కెల్‌ని పట్టుకోవడానికి కాస్త ముందు అమ్మను పెన్షనర్ల బస్సులో క్వీన్స్‌క్లిఫ్ తీసుకెళ్లాను. సముద్రం దగ్గర చేపలు వేయించి అమ్మే కొట్టు ఉంది చూడు, దాని బయట బల్ల దగ్గర గ్వెన్ కూర్చుని ఉంది. చెల్లెలింటికి వెళ్తున్నానని సెలవు తీసుకుంది మా దగ్గర. ఎదురుగా ఒకాయన. చేపంతా తినేసి, పైనున్న కరకరలాడే పిండి పొర మొత్తం ఒలిచి పక్కన దాచుకున్నాడు. అది చల్లారాక ఒక్కొక్క ముక్కే తింటున్నాడు. పోయిన మొగుడు అలా తినేవాడని చెప్పి గ్వెన్ మమ్మల్ని ఎన్నిసార్లు నవ్వించిందో! అలా తినే పిచ్చివాడు లోకంలో ఒక్కడే. వాడు పోయాడు.

"అదుగో మన గ్వెన్!" అంది అమ్మ.

"కాదమ్మా."

"కాకపోవడమేమిటే? ఆ స్వెటర్ నేను అల్లిందే."

"ఫుట్‌స్క్రేలో సగం మందికి అల్లావు నువ్వు. ముందు కళ్లజోడు మార్పించుకో. పద, బస్సు వెళ్లిపోతుంది."

"డ్రైవరింకా ఐస్‌క్రీమ్ తింటున్నాడు కదే!"

"పద అంటుంటే!"

వెనక్కి తిరిగి చూశాను. గ్వెన్ తలెత్తి ఉంది. నన్ను చూసిందో, నా వెనక సముద్రాన్ని చూసిందో చెప్పలేను.

బస్సులో కూర్చున్నాక నాకు ముందు కోపం రాలేదు, నోయెల్. "అమ్మయ్య, బతికే ఉన్నాడు" అనుకున్నాను. నిజం. చాలా సంతోషం వేసింది. ఆయన బతికే ఉంటే ఈమె ఎవరన్నది ఆ తర్వాత కదా తట్టింది.

కెల్‌కి ఒక్క మాట అంటే గ్వెన్ ఏమయ్యేదో నీకు చెప్పక్కర్లేదు. అనలేదు. వాణ్ణి తీసుకుపోయారు. అమ్మ పోయినప్పుడు సంకెళ్లతో తెచ్చారు. శవపెట్టె మొయ్యనివ్వలేదు. అదంతా నేను నోరు విప్పనందువల్లే. తప్పు చేశాననను. మా ఐస్ పెట్టెల అడుగున వాడు తెచ్చిన మత్తు సరుకుతో మా వీధిలోనే పిల్లలు పోయారు. అయినా వాడు నా తమ్ముడు. రోజూ వాడికి కంచంలో పెట్టేటప్పుడు మొహం చూడలేను.

నేనడగాలనుకున్నది ఇదే. ఆమెకు తెలుసా? బెవ్ ఒట్టి వెర్రిది, చక్కగా మోసపోయింది అనుకుంటూనే పోయిందా? లేక తెలిసీ ఊరుకున్నానని తెలుసా? తెలియదంటే తెలియదనే రాయి. నా మనసు కోసం అబద్ధం రాయకు. ఒకసారి చాలు.

బెవ్


బల్లారట్
జూలై

ప్రియమైన బెవ్,

మీ ఉత్తరం గేటు దగ్గరే నిలబడి చదివాను. తర్వాత లోపలికి వచ్చి మళ్లీ చదివాను.

ఆ మధ్యాహ్నం నాకు గుర్తుంది. మేము కలుసుకోవడానికి అనుమతి ఉండేది, ఎప్పుడో ఒకసారి, ఫుట్‌స్క్రేకి దూరంగా అయితే. గ్వెన్ ఉన్నట్టుండి లేచి "వెళ్దాం" అంది. నా కాగితంలో పిండి పొర ఇంకా మిగిలే ఉంది. అది చెత్తబుట్టలో పడేసింది. కారు క్వీన్స్‌క్లిఫ్ దాటింది. తర్వాత "నన్ను చూశారు" అంది.

చూస్తే ఏం చెయ్యాలో వాళ్లకు నియమం ఉంది. వెంటనే పై అధికారికి ఫోన్ చెయ్యాలి. ఇక ఆ చోటికి తిరిగి వెళ్లకూడదు, బట్టల కోసమైనా సరే. నాకు ఆ నియమం తెలుసు. నిజం చెప్పాలంటే సంతోషించాను. ఇవాళే ఇంటికి వచ్చేస్తుందనుకున్నాను. దారిలో ఫోన్ బూత్ కనిపిస్తే కారు ఆపాను. ఆమె లోపలికి వెళ్లి రిసీవర్ ఎత్తింది. నాణెం వెయ్యలేదు. అలాగే పట్టుకుని నిలబడింది. మళ్లీ పెట్టేసి వచ్చింది.

ఆమె పని ముగిసేదాకా ఫోన్ మోగినప్పుడల్లా ఆమె పోయిందన్న కబురే అనుకున్నాను. ఆ భయం సంగతి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. తిట్టమన్నారు కదా. నిన్న తిట్టాను. వంటింట్లో, గట్టిగా, ఆ ఫోన్ బూత్ గురించి. నాకు వచ్చని తెలియని మాటలు కూడా వచ్చాయి. కొంతసేపటికి మీరు చెప్పినట్టే గొంతు ఆగిపోయింది. పక్కింటావిడ వచ్చి తలుపు తట్టింది. బాగాలేనని చెప్పాను. ఆ మాట ఒకరితో అనడం ఇదే మొదలు.

గ్వెన్ బూడిద ఇంకా ఇంట్లోనే ఉంది. ఎక్కడ కలపాలో నాకు తోచలేదు. మీరు వస్తే ఇద్దరం ఆలోచిద్దాం.

ఇక మీ ప్రశ్న. మీ మనసు కోసం రాయడం లేదు. జరిగింది రాస్తున్నాను.

బూత్ నుంచి వచ్చి కారులో కూర్చుని తలుపు వేసుకుంటూ, "ఆమె చెప్పదు" అంది.

"ఎవరు?" అన్నాను.

"నా స్నేహితురాలు" అంది.

పేరు చెప్పలేదు. నేను అడగలేదు. సోమవారం తెల్లవారకముందే లేచి, రబ్బరు బూట్లు సంచిలో పెట్టుకుని, మీ దగ్గరికి వచ్చేసింది.

మీ
నోయెల్