పచ్చగా మారిన పేరు

సాయవ్వా,

రేపు నీ సంవత్సరీకం. నీ ఫోటో ముందు దీపం పెట్టాలని కామారెడ్డి ఆసుపత్రి నుంచి ఇవాళే వచ్చేశాను.

ఇంటికి పంపితే ఎవరి గుండెజబ్బు తిరగబెడుతుందో అక్కడి కంప్యూటర్ ముందే చెబుతుంది. నా పేరు ఎర్రగా వచ్చింది. ఎర్రగా వచ్చినవాళ్లను అప్పుడే పంపరు.

"ఇంట్ల ఎవరున్నరు తాతా? ఉప్పు తక్కువేసి వండిపెట్టి, టైముకు గోలీలిచ్చేటోళ్లు?" అని నర్సమ్మ అడిగింది.

"మా ముసల్ది ఉన్నది బిడ్డా," అన్నాను.

ఆమె ఏదో నొక్కింది. పేరు పచ్చగా మారింది.

"కాళ్లు ఉబ్బితే ఆగొద్దు. ఎంటనే తోల్కరమ్మని అవ్వకు చెప్పు," అంది.

పొద్దున వదులుగా ఉన్న చెప్పులు ఎల్లారెడ్డిలో బస్సు దిగేసరికి కాళ్లకు పట్టలేదు. చేత పట్టుకొని నడిచొచ్చి తాళం తీశాను.

ఆసుపత్రిలో నా గురించి ఎవరికీ దిగులు లేదు. ఇంట్లో నువ్వున్నావు కదా.