పడమటి మబ్బు

ఆదివారం, రాత్రి.

సింగపూర్‌లోని సెంబవాంగ్ తీరం నుంచి ఉబిన్ దీవి వైపు చిన్న పడవలో నేను, సత్తిబాబు, మలాయ్ నేస్తం రహీమ్ వెళ్ళాం. పడమట మబ్బు నల్లబడింది.

"సుమత్రా కమింగ్ లా, అంకుల్. గో బ్యాక్," అన్నాడు రహీమ్. ఇక్కడి గాలివానకి అదే పేరు.

"మా కాకినాడలో తుఫాను తూర్పు నుంచే వస్తుంది. పడమటి మబ్బు ఉత్త డాబు," అని కసిరాను.

కాసేపటికే గాలి విరుచుకుపడింది. పడవలోకి నీళ్ళొచ్చాయి. చుక్కాని పట్టుకున్న నా చేతులు బిగుసుకుపోతే రహీమే దాన్ని లాక్కుని ఒడ్డుకు చేర్చాడు. కళ్ళు మూసుకుని పడవ అడుగున పడుకున్న సత్తిబాబు అదేమీ చూడలేదు.

"నువ్వుండబట్టి బతికాంరా! వచ్చే ఆదివారం మా మనవరాల్ని తెస్తాను. దానికి ఈత రాదు గానీ, నువ్వున్నావుగా," అన్నాడు సత్తిబాబు నాతో.

వద్దనాలంటే జరిగింది చెప్పాలి. తీసుకురమ్మన్నాను.