కారు అమ్మేశాను

నవంబర్ 3, సోమవారం
కారు అమ్మేశాను!
కాలేజీ పర్యావరణ కమిటీకి నేనే కన్వీనర్ని. పొగలేని నగరం గురించి పిల్లలకు చెప్పడానికి పెందుర్తి నుంచి వన్ టౌన్ దాకా ఒక్కదాన్నే కారేసుకుని వెళ్లడం ఏం న్యాయం? ఇకనుంచి బస్సే.
కొన్నది మావారి పిన్ని కొడుకు తాతబాబు. ట్రావెల్స్‌లో డ్రైవరు ఉద్యోగం మానేసి, అప్పు చేసి మరీ కొన్నాడు. టాక్సీగా తిప్పుతాడట. సంపత్ వినాయకుడి గుడి దగ్గర చక్రాల కింద నిమ్మకాయలు నేనే పెట్టాను.
ఊళ్లో ఒక కారు తగ్గింది. తగ్గిందా? రేపు ఆలోచిద్దాం.

నవంబర్ 4, మంగళవారం
బస్సు! ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి జీరో టికెట్. కిటికీ సీటు! ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఆగిపోయిన కార్లను చూసి జాలేసింది. బస్సూ ఆగే ఉంది, అది వేరే సంగతి.

నవంబర్ 6, గురువారం
కిటికీ సీటు లేదు. ఏ సీటూ లేదు. కంచరపాలెం దాకా ఒంటికాలి మీద. ఒకావిడ చేపల బుట్ట నా చీర మీదికి ఒరిగింది.
"ఏటమ్మా అలా సూత్తన్నావు? సచ్చిపోయిన సేపలే, కరవవులే."
బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఫస్ట్ పీరియడ్‌లో ముందు బెంచీ పిల్లలు మాత్రం వెనక్కి జరిగారు.

నవంబర్ 10, సోమవారం
వాన. కొన్ని మినహాయింపులు తప్పవు:
వాన పడితే.
పేపర్ల కట్టలుంటే.
ఇస్త్రీ చీర కడితే.
తాతబాబుకి ఫోన్ చేశాను. "నాను మీ సందు మొదట్లోనే ఉన్నాను వదినా, వచ్చెత్తన్నాను." పసుపు నంబరు ప్లేటుతో నా కారుకి కొత్త కళ వచ్చింది. వెనక సీట్లో కూర్చోవడం ఇదే మొదటిసారి. ఇంత మెత్తగా ఉంటుందా!

నవంబర్ 13, గురువారం
వాన లేదు. ఇస్త్రీ చీర ఉంది.

నవంబర్ 17, సోమవారం
పట్టుబట్టి బస్సెక్కాను. సాయంత్రం తాతబాబు మొహం వేలాడేసుకుని వచ్చాడు.
"ఏటి వదినా, నా బండిలో లోపమేటైనా ఉందా?"
"అబ్బే, బస్సు అలవాటు చేసుకుందామని..."
"ఒకటో తారీకున కిస్తీ కట్టాల. బేరాలు లేవు. సొంతోలే ఎక్కకపోతే బయటోలు ఎక్కుతారేటి?"
నా సిద్ధాంతం కోసం అతని పొయ్యి ఆరిపోవాలా? రోజూ రానూ పోనూ ఒప్పేసుకున్నాను. ఇది కారెక్కడం కాదు, చుట్టరికం.
మావారు పేపర్ దించకుండానే అన్నారు: "కారు అమ్మీసావు గానీ, దిగలేదు నువ్వు."

నవంబర్ 24, సోమవారం
పిల్లలు చూడకుండా కాలేజీకి ఒక సందు ముందే దిగుతున్నాను. ఈ రోజు ప్రిన్సిపాల్ గారు స్టేజీ మీద "కారు వదిలేసిన మేడమ్" అంటూ శాలువా కప్పారు. చప్పట్ల మధ్య బయట హారన్. ఆ గొంతు నాకు తెలుసు, ఇన్నేళ్లూ మోగించింది నేనే.
అప్పట్లో నన్ను దింపి సాయంత్రం దాకా కాలేజీ గోడ నీడన నిద్రపోయేది ఆ కారు. ఇప్పుడు నన్ను దింపి, బేరాలు వెతుక్కుంటూ ఊరవతల తగరపువలస దాకా తిరిగి, ఖాళీగా నా కోసం వస్తోంది. నేను వదిలేశాక దానికి క్షణం తీరిక లేదు.
తగ్గిందా అని మొదటిరోజే అనుమానం వచ్చింది. రేపు ఆలోచిద్దామనుకున్నాను.

నవంబర్ 30, ఆదివారం
రేపట్నించి బస్సే. వాన, చీర, పేపర్లు, చుట్టరికం, ఏవీ చెల్లవు. తాతబాబుకి ఫోన్ చేసి చెప్పేశాను.
రేపు ఒకటో తారీకని ఇద్దరికీ తెలుసు.
"అలాగే వదినా, మీ ఇష్టం," అన్నాడు. మళ్లీ తనే, "బస్టాపు దూరం కదేటి. అక్కడిదాకా దింపీమంటారా?"
రమ్మన్నాను. బస్టాపు దాకానే.